టమాటాయు దాని యడవి చుట్టములును



టమాటాపండు నెఱుగని యిల్లు నేడు మన గ్రామములలో నొక్కటియు లేదు. చారులోను, పప్పులోను, పచ్చడిలోను అది లేక దినము గడచుట కష్టమైనది. కాని నా చిన్నతనమున మా నాయనమ్మ దానిని మడివంటలోనికి రానిచ్చెడిది కాదు. “అది సీమకాయ, దానితో మనకు చుట్టరిక మేమిరా?” అని యామె గద్దించెడిది. తద్దినపు వంటలో దానిని వాడని యిండ్లు నేటికిని గలవు. చుట్టరికము లేదని యామె యన్నమాట మా వంటింటివఱకు సత్యమే. టమాటా చుట్టములు వేఱొక ఖండమున, కొండలలోను ఎడారులలోను కాపురమున్నారు. ఆ చుట్టములతో దానికి మఱల వియ్యము కలుపుటకై మనుష్యులు పడిన పాట్లును, ఆ వియ్యమునకు ప్రకృతి పెట్టిన యడ్డుతలుపులును నేటి ప్రసంగమునకు విషయములు.

దక్షిణ అమెరికాకు పడమటి యంచున ఆండీసు పర్వతములు గోడవలె నిలిచియున్నవి. ఆ పర్వతములకును పసిఫిక్ సముద్రమునకును నడుమ ఈక్వడారు, పెరూ, చిలీ యను దేశములు గలవు. పెరూ తీరము చాలవఱకు వానచుక్క నెఱుగని యెడారి. కొన్ని నెలలు సముద్రమునుండి వచ్చు మంచుపొగ మాత్రము కొండచఱియలను తడుపుచుండును. మీదికి పోయినకొలది చలి హెచ్చును. ఇట్టి చోట రాళ్ళ సందులలోను, ఎండిన యేళ్ళ యొడ్డులలోను టమాటాజాతి మొక్కలు ఎవరును నీరుపోయకయే, ఎవరును ఎరువు వేయకయే పెరుగుచున్నవి. సాగులోనున్న దానిని విడిచి శాస్త్రజ్ఞులు లెక్కించిన యడవిజాతులు 12. వానిలో కొన్నిటి పండ్లు మన కామంచి పండ్లకంటె కొంచెము పెద్దవై యెఱ్ఱగా నుండును. పెక్కింటి పండ్లు ఎంత పండినను పచ్చగానే యుండి, నూగు గలిగి, నోట పెట్టుటకు యోగ్యము కాకుండును.

ఆ యెఱ్ఱని చిన్నపండు మానవుని చేతబడి, తరతరములుగా పెద్దకాయల గింజలనే యెన్ని నాటుటచే క్రమముగా పెరిగినది. మెక్సికో దేశీయులు దానిని తోమాట్ల్ అని పిలిచిరి. మన టమాటా యను మాటకు మూల మదియే. స్పెయిను దేశస్థులు 16వ శతాబ్దమున దానిని ఐరోపాకు గొనిపోయిరి. 1544లో ఇటలీ దేశపు వైద్యపండితుడు మట్టియోలి దీనిని తన గ్రంథమున వర్ణించెను. పిమ్మట ఐరోపావారి యోడలలో మనదేశము చేరినది. ఈ ప్రయాణమునందు ప్రతి మజిలీలోను గుప్పెడు గింజలే ముందుకు సాగినవి. మూటలో నేది రాలేదో అది వెనుకనే నిలిచిపోయినది. పండు పెద్దదైనది, రుచి హెచ్చినది. కాని తెగుళ్ళను, పురుగులను తట్టుకొను శక్తులలో పెక్కు ఆ కొండలలోనే యుండిపోయినవి. ధనము పెరిగి దేహబలము తఱిగిన గృహస్థునితో దీనిని పోల్చవచ్చును.

పేరునుగుఱించి యొక ముచ్చట చెప్పి ముందునకు సాగెదను. స్వీడను దేశపు లిన్నేయసు 1753లో దీనిని వంకాయ, కామంచి మొదలగువాని వంశమైన సొలానమ్‌లో చేర్చెను. మరుసటి యేడే, 1754లో, ఇంగ్లండు తోటమాలి ఫిలిప్ మిల్లరు దానిని వేఱు చేసి లైకోపెర్సికాన్ అను క్రొత్త వంశము కల్పించెను. ఆ మాటకు తోడేలుపండు అని యర్థము. రెండువందల యేండ్లకు పైగా ఆ పేరే చెల్లినది. తరువాత జన్యుపరీక్షలు జరిగినప్పుడు లిన్నేయసు చెప్పినదే నిజమని తేలి, టమాటా మఱల వంకాయ యింటికి వచ్చినది. దత్తు పోయినవాడు తన గోత్రమునకు తిరిగి వచ్చినట్లున్నది!

ఇక వియ్య మెందులకనగా, సుమారు ఇరువది యేండ్ల క్రిందట మా యూరి రైతొకడు వేళ్ళతోసహా పెరికిన టమాటామొక్కను పాఠశాలకు తెచ్చి నా ముందు పెట్టెను. “పంతులుగారూ, నీరు తడవ తప్పకుండ పెట్టుచున్నాను. అయినను మధ్యాహ్నమగుసరికి తోట యంతయు వాడిపోవుచున్నది. ఈ వేళ్ళు చూడుడు” అనెను. వేళ్ళు పసుపుకొమ్ములవలె ముడులు ముడులుగా నుబ్బియుండెను. అమరకోశము కంఠస్థమైనవాడనే గాని, నాకు దాని కారణము తెలియలేదు. వ్యవసాయశాఖలో పనిచేయు యువకు డొకడు చెప్పగా తెలిసికొంటిని. అవి కంటికి కనబడని నులిపురుగుల పని. ఆడుపురుగు వేరులో దూఱి యక్కడనే స్థిరపడి, మొక్క యాహారమును తాను తినును. వేరు ఉబ్బి ముడిపడును. నీరు పైకి పోదు. నేలలో చేరిన యీ పురుగును తరుముట మహాకష్టము. ఆ రైతు ఆ యేడు పంటను దున్నివేసి, రెండేండ్లు ఆ చెలకలో టమాటా పెట్టలేదు. బిడ్డ పెండ్లికి ఉంచుకొన్న డబ్బు ఆ తోటలోనే పోయినది.

ఇట్టి పురుగునకు లొంగని టమాటా లోకమున లేదా యని వెదకినవారు తుదకు పోయి తట్టిన తలుపు ఆ యడవి చుట్టముల తలుపే.

చుట్టములందఱును ఒక తీరువారు కారు. ఎఱ్ఱని చిన్నపండ్ల జాతికి పింపినెల్లిఫోలియమ్ అని పేరు. అది మిక్కిలి కలుపుగోలుది. దాని పుప్పొడిని టమాటా పువ్వున చల్లినను, దీని పుప్పొడిని దాని పువ్వున చల్లినను నిండు గింజలు వచ్చును. 1940 ప్రాంతమున అమెరికాలో బోన్, టకర్ అనువారు టమాటాను ఎండబెట్టు ఫ్యుజేరియమ్ తెగులునకు ఈ జాతిలో విరుగుడు కనుగొనిరి. 1941 నాటికే ఆ గుణము గల పాన్ అమెరికా యను రకము రైతులకు అందినది. అయిదేండ్లయినను తిరుగక ముందే ఆ తెగులు మఱియొక రూపము దాల్చి వచ్చి ఆ గుణమును దాటినమాట వేఱు. వియ్యము మాత్రము సుఖముగా జరిగినది.

నులిపురుగు విషయమున అట్లు జరుగలేదు. ఎఱ్ఱపండ్ల చుట్టమువద్ద ఆ మందు దొరకలేదు. 1941లో బెయిలీ యనునాయన నారుదశలోనే మొక్కలను ఈ పురుగునకు పరీక్షించు పద్ధతిని ప్రకటించెను. ఇట్టి పరీక్షలలో పెరువియానమ్ అను పచ్చపండ్ల జాతి నిలిచినది. అది కొండలవాసి, స్వభావమున గర్వి. దానితో సంకరము చేయబోయినవారికి తలుపు వెనుక తలుపు ఎదురైనది.

ఈ తలుపులు తెలియుటకు పువ్వును చూడవలెను. టమాటా పువ్వు పసుపుపచ్చనిది. నడుమ కేసరములు ఒకటితో నొకటి అతుకుకొని గొట్టమువలె నుండును. ఆ గొట్టములోపల కీలమను సన్నని కాడయు, దాని కొనను పుప్పొడిని పట్టు జిగురుచోటును గలవు. మన సాగుటమాటాలో ఆ కొన గొట్టము దాటి బయటికి రాదు; కావున తన పుప్పొడి తన కొననే పడి, పువ్వు తనంత తానే కాయకట్టును. సంకరము చేయగోరువాడు పువ్వు విచ్చుటకు ముందే మొగ్గను చిమటాతో తెఱచి, ఆ కేసరపు గొట్టమును తొలగించి, మఱియొక మొక్క పుప్పొడిని కొనకు అద్దవలెను. పుప్పొడిరేణువు అక్కడ మొలకెత్తి, సన్నని నాళము నొకదానిని కాడగుండ క్రిందికి పంపును. అది అండమును చేరినప్పుడే బీజక్షేత్రముల కలయిక.

మొదటి తలుపు ఆ కాడలోనే యున్నది. పచ్చపండ్ల యడవిజాతులలో పెక్కు తమ పుప్పొడిని తామే యంగీకరింపవు. వేఱొక మొక్క పుప్పొడి రావలసినదే. మనము సగోత్రమున వియ్యమందని నియమము వంటిదే యిది. కాని మన నియమమును పెద్దలు చెప్పిరి, దీనిని కాడలోని ద్రవమే చెప్పుచున్నది. నాళము తన గోత్రముదని తెలియగానే ఆ ద్రవములోని పదార్థ మొకటి నాళములోనికి పోయి దాని పనిని చెఱచివేయును. నాళము నడిదారిలో నిలిచిపోవును. వింత యేమనగా, తన గోత్రమువానిని ఆపుటకు పెట్టుకొన్న యీ కావలియే పరజాతి పుప్పొడినిగూడ ఆపుచున్నది. దీనినుండి యొక విచిత్రమైన వియ్యపుపద్ధతి పుట్టినది. అడవిజాతి పుప్పొడిని టమాటా పువ్వున వేసిన పని సాగును. టమాటా పుప్పొడిని అడవిజాతి పువ్వున వేసిన సాగదు. అడవియింటివారు మన పిల్లను కోడలిగా చేసికొందురు; తమ పిల్లను మాత్రము మన యింటికి పంపరు. తన పుప్పొడిని త్రోసివేయు జాతికిని, తన పుప్పొడిని అంగీకరించు జాతికిని నడుమ వియ్యము ఒకదారినే పోవుట చాలమొక్కలలో గలదని 1958లో ఇంగ్లండున లూయిస్, క్రో యను శాస్త్రజ్ఞులు చూపిరి.

కారణము మాత్రము మఱి యేబది యేండ్లకుగాని బయటపడలేదు. 2010లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో లీ, చెటెలాట్ అను నిరువురు దానిలో నొక ముఖ్యభాగమును విప్పిరి. అడవిజాతి పుప్పొడిలో ఆ కావలిని దాటుటకు పనికివచ్చు జన్యు వొకటి గలదు. ఎఱ్ఱపండ్ల జాతులలో అది చెడిపోయినది. అనగా టమాటా తన యింటి కావలివానిని ఏనాడో పనినుండి తీసివేసినది. కావలి లేడు గదా యని తాళపుచెవినిగూడ పోగొట్టుకొన్నది. ఇప్పుడు చుట్టముల యింటికి పోయి నిలుచుండిన తలుపు తెఱచుకొనునా?

ఒకదారి వియ్యమైనను వియ్యమే. టమాటాను తల్లిగా నుంచుకొన్న చాలును. హబ్రోకైటీసు అను నూగుజాతిని ఇట్లే తండ్రిగా వాడిరి. మన రైతులను ఏడిపించు ఆకుముడుత తెగులును తెల్లదోమ మోసికొనివచ్చును. ఆ తెగులును తట్టుకొను గుణమును ఈ నూగుజాతినుండి టమాటాలోనికి తెచ్చినట్లు 1990లో మనదేశపు శాస్త్రజ్ఞులు కల్లూ, బెనర్జీ ప్రకటించిరి. మదనపల్లె సంతలో గంపలు దింపు రైతునకు ఈ పేర్లు తెలియవు. తెలిసిన బాగుండునని నా యాశ.

పెరువియానమ్‌తో మొదటి తలుపును ఈ యుపాయముతోనే దాటవచ్చును. టమాటాను తల్లిని చేసిన నాళము దిగును, అండమును చేరును, గర్భము నిలుచును. కాయ పెరిగి యెఱ్ఱనగును. కోసి చూచిన లోపల గింజలు తాలు! పొలమున తాలుగింజ నెఱుగని రైతు లేడు గాన మీకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇదియే రెండవ తలుపు, అన్నిటిలోను గట్టిది.

గింజలో రెండు వస్తువులు పెరుగును. ఒకటి పిండము; రేపటి మొక్క యదియే. రెండవది దానికి చుట్టునుండు ఆహారము. కొబ్బరికాయలో మనము త్రాగు నీరును, తిను కొబ్బరియు అట్టి యాహారమే. వడ్లగింజలోని బియ్యము అట్టిదే. తల్లిపాలు తల్లిభాగమని మన మెంచునట్లు, ఈ యాహారమును తల్లిమొక్క యొక్కతెయే యిచ్చునని తోచును. అది నిజము కాదు. దీనిలో తల్లి పాళ్ళు రెండు, తండ్రి పాలు ఒకటి. బీజము ప్రధానమా క్షేత్రము ప్రధానమా యని మన ధర్మశాస్త్రకారులు చేసిన చర్చను చదివియున్న నాకు, ఈ లెక్క తెలిసిననాడు చాల ముచ్చట కలిగినది. ఈ పాళ్ళు ఒకదానితో నొకటి పొసగవలెను. దూరపుజాతుల కలయికలో అవి పొసగక, ఆహారము మొదట కొంత పెరిగి పిమ్మట నీరసించి చచ్చును. పిండమునకు దోషము లేదు. అది ఆకలిచే చచ్చుచున్నది.

పిండమునకు దోషము లేదను నీ యొక్క మాటలో ఉపాయము దాగియున్నది. గింజలో నాహారము లేనిచో పిండమును బయటికి తీసి మనమే యన్నము పెట్టరాదా? 1904లో జర్మనీదేశపు హానిగ్ ముల్లంగిజాతి పిండములను గింజనుండి తీసి చక్కెరయు లవణములును గల నీటిలో పెంచి చూపెను. 1925లో ఆ దేశమువాడే లైబాక్ ఒక యడుగు ముందునకు వేసెను. నారయు నూనెయు నిచ్చు అవిసెజాతులు రెంటిని సంకరము చేయగా తాలుగింజలే వచ్చినవి. ఆయన వానిని పాఱవేయలేదు. పిండములను వెలికి తీసి చక్కెరనీటితో తడిపిన మెత్తనిపఱుపుపై నుంచి, మొక్కలను చేసెను. తాలని యందఱును పాఱవేయుదానిలో ప్రాణమున్నదేమో చూచినవాడు కావున నాకు ఆయనయందు గౌరవము.

మిక్కిలి లేతపిండములు మాత్రము చక్కెరనీటికి లొంగలేదు. 1941లో అమెరికాలో వాన్ ఓవర్‌బీక్, కాంక్లిన్, బ్లేక్స్‌లీ యనువారు ఉమ్మెత్త పిండములతో శ్రమించుచు, తుదకు ఆ ద్రవములో కొబ్బరినీళ్ళు కలిపిరి. పిండములు పెరుగజొచ్చినవి! ఒక చెట్టు తన బిడ్డకై దాచిన పాలు మఱియొక చెట్టు బిడ్డను బ్రదికించినవి. కోనసీమలో పుట్టియున్న యెడల ఆ మహాశయులు ఈ యుపాయమును మఱి కొన్నియేండ్లు ముందే కనుగొనియుందురని నేను హాస్యమాడుచుందును.

గాంధారి గర్భపిండమును వ్యాసమహర్షి నూటొక్క నేతికుండలలో నుంచి పెంచిన కథ మీకు గుర్తు వచ్చియుండును. నాకును వచ్చినది. ఆ కథను చూపి యిదంతయు మనవారికి పూర్వమే తెలియునని చెప్పువారు గలరు. నేను ఆ మాట చెప్పజాలను. ఆకలిగొన్న పిండమునకు తల్లికడుపు వెలుపల పోషణము కల్పించవచ్చునను తలంపు మన కవుల మనస్సున పొడమినది. చేతులతో చేసి చూపిన గౌరవము చేసినవారిదే.

ఇప్పుడు కథకు ముఖ్యమైన చోటు వచ్చినది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పాల్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు మిచిగన్ స్టేట్ ఫోర్సింగ్ అను సాగుటమాటాను తల్లిగాను, అమెరికా ప్రభుత్వము పెరూనుండి తెప్పించి 128657 అను సంఖ్య వేసి యుంచిన పెరువియానమ్ మొక్కను తండ్రిగాను చేసికొని సంకరము చేసెను. కాయలు పండకముందే కోసి, గింజలను చీల్చి, పిండములను సముద్రపుపాచి జిగురుతో చేసిన యాహారముపై పెట్టెను. పిండమన మనము కంటితో స్పష్టముగ చూడజాలనంత చిన్నది. సూది వణకిన చచ్చును. గాలిలోని బూజు సోకిన చచ్చును. ఈ కష్టము ఫలించి మిగిలిన సంకరపు మొక్క ఒక్కటి. 1944లో ఆయన దానిని లోకమునకు తెలిపెను.

ఒక్క మొక్క! నేడు లోకమున నులిపురుగునకు లొంగని టమాటారకములన్నియు, ఇంచుమించుగ ఒకటియు విడువక, ఆ యొక్క మొక్కకు పుట్టిన సంతతియే. విత్తనపు పొట్లముపై రకము పేరునకు తోడుగ ఇంగ్లీషు ఎన్ అక్షరము కనబడిన, ఆ యక్షరమునకు మూలపురుషు డాతడే. ఆ దినమున గాజుగొట్టమున బూజు పట్టియున్నచో నేమయ్యెడిది? మఱియొకరు మఱియొకనాడు సాధించి యుండవచ్చును. అంతవఱకు ఎన్ని తోటలు వేళ్ళు ముడులుకట్టి పోయెడివో చెప్పువా రెవరు?

మొక్క వచ్చినంతమాత్రమున పని తీరలేదు. గుఱ్ఱమునకును గాడిదకును పుట్టిన కంచరగాడిద గొడ్డుపోవుట మన మెఱుగుదుము. మొక్కలలోను ఇట్లగునని 1760లోనే జర్మనీదేశపు కోల్‌రాయిటరు రెండు పొగాకుజాతులను కలిపి చూచి తెలిసికొనెను. ఇది మూడవ తలుపు. స్మిత్ మొక్క పూర్తిగా గొడ్డు కాకపోయినను, దానిని తిరిగి టమాటాతో కూర్చుట మరల దుర్ఘటమే యైనది. కాయయు తండ్రి పోలికయే, చిన్నది, తినరానిది. కావున దాని సంతతిని మరల మరల సాగుటమాటాతో కలుపుచు, ప్రతితరమునను నులిపురుగునకు లొంగనిదానినే యెన్నుకొనుచు రావలెను. అడవిరక్తము తరతరమునకు సగమగుచు, వలసిన గుణ మొక్కటి మాత్రము నిలువవలెను. ఆర్కన్సాస్‌లో వాట్స్ 1947లోను, హవాయి దీవులలో ఫ్రేజియర్, డెనెట్ అనువారు 1949లోను ఈ పనిలో ముందునకు సాగిన వార్తలు ప్రకటించిరి. 1956లో హవాయిలోనే గిల్బర్ట్, మెగ్వైర్ అనువారు ఆ గుణము ఒకే జన్యువుచే వచ్చుచున్నదని చూపిరి. దానికి ఎంఐ యని పేరు. 1998లో డేవిస్‌లోనే ఆ జన్యువును విడదీసి చదివిరి. అది పేనుబంకలో నొక జాతినిగూడ ఆపునని అప్పుడే తెలిసినది. అడుగక వచ్చిన వరకట్నము!

కట్నముతోపాటు వద్దన్నవియు కొన్ని వచ్చును. ఆ జన్యువు ఆఱవ క్రోమోసోమున నున్నది. దాని యిరుప్రక్కల అడవి భాగము దట్టముగ నంటుకొని, సాగుభాగముతో కలియక, తెగక, ఏండ్లకొలది వెంట వచ్చుచుండెను. దానిని తఱిగి చిన్నది చేయుటకు ఎంతయో కాలము పట్టినది.

ఈ సందర్భమున డేవిస్‌లోనే పనిచేసిన మఱియొక పెద్దమనిషిని తలపక విడువరాదు. చార్లెస్ రిక్ 1940లో ఆ విశ్వవిద్యాలయమున చేరి, 1948 మొదలుకొని పలుమారులు ఆండీసు కొండలకు పోయి అడవిటమాటాల గింజలను ఏరి తెచ్చెను. ఆ గింజల భాండాగారము ఆయన పేరుతో నేటికిని అక్కడ నడచుచు, అడిగిన పరిశోధకులకు విత్తనములు పంపుచున్నది. 2002లో ఆయన పరమపదించెను. ఈక్వడారుకు పడమట సముద్రమధ్యమున గాలపాగోస్ దీవులు గలవు. అందలి టమాటా ఉప్పునీటియొడ్డున పెరుగును. రిక్ దాని గింజలను తెచ్చి నాటగా దాదాపు ఒక్కటియు మొలవలేదు. ఇది మనము చెప్పుకొన్న తలుపులలో లేని తలుపు. వియ్యము మాట యటుంచి, వరుడు నిద్రయే లేవకున్నాడు. ఆ దీవులలో పెద్ద తాబేళ్ళు గలవు గదా, అవి యీ పండ్లను తినియుండవలె నని ఆయనకు తోచినది. బౌమన్ అను మిత్రునివద్దనున్న గాలపాగోస్ తాబేళ్ళకు ఆ పండ్లను పెట్టించి, వాని పేడనుండి గింజలను ఏరి నాటిరి. మొలచినవి! గింజ తాబేలు కడుపున ఒక వారమునుండి మూడు వారములవఱకు నుండెనట. 1961లో ఇరువురును కలిసి దీనిని ప్రకటించిరి. తాబేళ్ళు దొరకనివారు నేడు బట్టలు తెల్లచేయు క్లోరిను నీటిలో కొంతసేపు గింజలను నానవేసి ఆ పనియే సాధించుచున్నారు. ఆ దీవుల టమాటానుండి రిక్ కనుగొన్న యొక గుణముచే కాయ తొడిమకు నడుమ ముడి లేకుండును. కోసినప్పుడు తొడిమ కాయను వెంబడించి రాదు. యంత్రముతో పంటకోయువారికి అది మిక్కిలి ప్రయోజనకారి యైనది.

మఱల నులిపురుగువద్దకు వత్తము. ఇన్ని తలుపులు దాటి వచ్చిన ఆ జన్యువు మన నేలలో నెట్లున్నదని మీరడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. 1969లో డ్రాప్కిన్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి చూడగా, నేలవేడి 28 డిగ్రీలు దాటినప్పుడు దాని బలము సన్నగిల్లునని తేలినది. అది మంచుకొండల చుట్టము. మన చైత్రవైశాఖముల యెండలో నేలవేడి ఆ హద్దును దాటుట మీరెఱుగనిది కాదు. కావున ఎన్ అక్షరము చూచి విత్తనము కొన్న రైతు చలికాలపు పంటలో సుఖపడి, వేసవిపంటలో మోసపోయితి ననుకొనవచ్చును. మోసము విత్తనముది కాదు. ఈ సంగతి పొట్లముపై వ్రాయవలెనని నా యభిప్రాయము; వ్రాసినది నేను చూడలేదు.

వేడికి లొంగని జన్యువులకై మఱల ఆ కొండలకే పోవలసివచ్చినది. పెరువియానమ్ అను పేరుతో పూర్వ మొకటిగ నెంచిన జాతిని శాస్త్రజ్ఞులిప్పుడు నాలుగు జాతులుగ విడదీసియున్నారు. అందు ఆర్కానమ్ అనుదానిలో వేడినేలయందును నిలుచు ఎంఐ-9 అను జన్యువు దొరకినది. దొరకినది యడవిమొక్కలో. దానికిని మన టమాటాకును నడుమ ఆ రెండవ తలుపు మూసియే యున్నది. తాలుబోవు గింజలను పచ్చికాయనుండి తీసి, చీల్చి, పిండమును గాజుగొట్టమున నుంచి పెంచు పనిని అచ్చటివారు 1944 నాటి వలెనే నేడును చేయుచున్నారు.